సెల్, టీవీ, ఏసీ రిపేరు షాపులకు సర్కారు పూచీ లోన్లు: నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

మిర్యాలగూడ నుంచి మక్తల్ దాకా రిపేరు షాపుల వాళ్లకు వచ్చే అనుమానాలు దాదాపు ఒక్కటే. సబ్సిడీ ఎంత, షూరిటీ కావాలా, సిబిల్ (పాత అప్పులు ఎలా కట్టారో చూపే స్కోరు) ఎంతుండాలి, మేనేజర్ కాదంటే ఎవరి దగ్గరికి పోవాలి. మళ్లీ మళ్లీ వచ్చే ఆ ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఏ పథకం మనకు సరిపోతుంది

గవర్నమెంట్ లోన్ అంటరు గదా, పైసలు గవర్నమెంటే ఇస్తదా?

లేదు. డబ్బు బ్యాంకుది, ఇవ్వాలా వద్దా అనే నిర్ణయమూ బ్యాంకుదే. ముద్ర అనేది చిన్న వ్యాపారాలకు బ్యాంకు లోన్లు ఇప్పించే కేంద్ర పథకం, అందులో ప్రభుత్వం చేసేది పూచీ పడటం. మీరు కట్టలేకపోతే బ్యాంకుకు వచ్చే నష్టంలో కొంత గ్యారంటీ ఫండ్ భరిస్తుంది. ఆ పూచీ బ్యాంకుకే గానీ మీకు కాదు. ఫండ్ నుంచి బ్యాంకుకు డబ్బు వచ్చినా మీ బాకీ మీ పేరు మీదే ఉంటుంది, సిబిల్‌లోనూ కనిపిస్తుంది. "గవర్నమెంట్ లోన్, కట్టకున్నా నడుస్తది" అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ మాట నమ్మినవాళ్లకు తర్వాత బండి ఫైనాన్స్ కూడా దొరకడం కష్టమవుతుంది.

ముద్రల ఎంత దాకా వస్తది? సబ్సిడీ ఎంత?

ముద్రలో సబ్సిడీ లేదు. 2015 ఏప్రిల్ 8న మొదలైన ఈ పథకంలో శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద 50 వేల నుంచి 5 లక్షల వరకు, తరుణ్ కింద 5 నుంచి 10 లక్షల వరకు ఇస్తారు. తరుణ్ లోన్ తీసుకుని సరిగ్గా కట్టినవాళ్లకు 2024 అక్టోబరు నుంచి తరుణ్ ప్లస్ కింద 20 లక్షల దాకా అవకాశం ఉంది. వడ్డీ రేటు బ్యాంకును బట్టి మారుతుంది. ఒక్క మనిషి నడిపే సెల్ రిపేరు షాపుకు మామూలుగా కిశోర్ సరిపోతుంది. ఏసీ, ఫ్రిజ్ పని చేస్తూ ఇద్దరు ముగ్గురు మెకానిక్‌లను పెట్టుకుని, సామాను మోయడానికి ట్రాలీ ఆటో కూడా కొనాలనుకునేవాళ్లకు తరుణ్ అవసరం పడుతుంది.

పీఎంఈజీపీల సబ్సిడీ లెక్క ఎట్ల?

పీఎంఈజీపీ అంటే కొత్తగా యూనిట్ పెట్టేవాళ్లకు సబ్సిడీతో బ్యాంకు లోన్ ఇప్పించే కేంద్ర పథకం. షాపు ఎక్కడుంది, దరఖాస్తుదారు ఏ వర్గం అన్న రెండు విషయాల మీద సబ్సిడీ ఆధారపడుతుంది. జనరల్ వర్గానికి పట్టణంలో 15 శాతం, గ్రామంలో 25 శాతం. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు, మాజీ సైనికులు, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్లకు పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం. సొంత వాటాగా జనరల్ వాళ్లు 10 శాతం, మిగతావాళ్లు 5 శాతం పెట్టుకోవాలి. రిపేరు షాపు సేవారంగం కిందికి వస్తుంది కాబట్టి ప్రాజెక్టు 20 లక్షలు దాటకూడదు.

హాలియా దగ్గరి ఒక గ్రామంలో బీసీ యువకుడు 5 లక్షల ప్రాజెక్టు పెడుతున్నాడనుకుందాం. సొంత వాటా 25 వేలు. బ్యాంకు 4 లక్షల 75 వేలు మంజూరు చేస్తుంది. సబ్సిడీ 1 లక్షా 75 వేలు. అంటే చివరికి అతను నిజంగా తీర్చాల్సిన అసలు 3 లక్షలు.

సబ్సిడీ డబ్బు చేతికి రాదు. బ్యాంకులోనే మీ పేరున మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది. దాని మీద మీకు వడ్డీ రాదు, లోన్‌లో అంత మొత్తానికి బ్యాంకు మీ దగ్గర వడ్డీ తీసుకోకూడదు. మొదటి స్టేట్‌మెంట్ రాగానే ఇది సరిచూసుకోండి. మొత్తం 4 లక్షల 75 వేల మీద వడ్డీ వేస్తే బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి.

గ్రామమా, పట్టణమా అన్నది ఎట్ల తేలుతది? మా ఊరు మున్సిపాలిటీల కలిసింది.

పంచాయతీ పరిధిలో ఉంటే గ్రామం, మున్సిపాలిటీ పరిధిలో ఉంటే పట్టణం. మున్సిపాలిటీలో కలిసిన ఊరు చూడటానికి పల్లెలా ఉన్నా లెక్కకు పట్టణమే. చూసేది షాపు అడ్రసును, మీ ఇల్లెక్కడుందో కాదు. ఊళ్లో ఇల్లుండి దేవరకొండ బస్టాండు దగ్గర షాపు పెడితే పట్టణం రేటే వర్తిస్తుంది. పీఎంఈజీపీలో ఈ తేడా ఏకంగా 10 శాతం. అందుకే కిరాయి ఒప్పందం రాసుకునే ముందే ఆలోచించుకోండి. అలాగని సబ్సిడీ కోసం గిరాకీ లేని ఊళ్లో షాపు పెట్టమని మేం చెప్పం.

నాకు ఇప్పటికే షాపుంది. పీఎంఈజీపీ వస్తదా?

రాదు. పైన చెప్పిన సబ్సిడీ కొత్త యూనిట్లకే. వేరే పథకంలో ప్రభుత్వ సబ్సిడీ తీసుకున్నవాళ్లకూ రాదు. భార్యాభర్తల్లో ఒక్కరికే ఇస్తారు. నడుస్తున్న షాపును పెంచుకోవడానికి ముద్ర కిశోర్, తరుణ్ సరైన దారి. కొందరు పాత షాపునే భార్య పేరున కొత్త షాపుగా చూపిస్తుంటారు. తనిఖీకి వచ్చినప్పుడు పాత బోర్డు, పాత కరెంటు మీటరు, పాత ట్రేడ్ లైసెన్సు బయటపడి ఫైలు అక్కడే ఆగిపోతుంది.

పీఎంఈజీపీకి చదువెంతుండాలె? వయసు?

18 ఏళ్లు నిండాలి, పై వయసు పరిమితి లేదు. సేవారంగంలో ప్రాజెక్టు 5 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. 5 లక్షల లోపైతే చదువు నిబంధన లేదు. ఆదాయ పరిమితి కూడా లేదు.

విశ్వకర్మ పథకంల సెల్ రిపేరు ఉందా?

లేదు. పీఎం విశ్వకర్మ 18 సంప్రదాయ వృత్తులకే పరిమితం. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, కంసాలి, మేస్త్రీ, దర్జీ, తాళాలు చేసేవాళ్లు అందులో ఉన్నారు. సెల్, టీవీ, ఏసీ రిపేరు లేవు. "ఎలక్ట్రానిక్స్ కూడా పడుతది" అని డబ్బు తీసుకుని ఫారం నింపేవాళ్లను నమ్మకండి.

రోడ్డు పక్క బల్ల మీద సెల్ రిపేరు చేస్త. షాపు లేదు. నాకేముంది?

మున్సిపాలిటీ ఇచ్చిన వీధి వ్యాపారి సర్టిఫికెట్ గానీ సిఫారసు లేఖ గానీ ఉంటే పీఎం స్వనిధి వర్తిస్తుంది. 2025 ఆగస్టులో మార్చిన తర్వాత మొదటి విడత 15 వేలు, అది తీర్చాక 25 వేలు, ఆ తర్వాత 50 వేలు. మున్సిపల్ ఆఫీసులో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బందిని కలవండి. మొదటి విడతను కిస్తీ తప్పకుండా తీర్చితే, తర్వాత ముద్ర అడిగేటప్పుడు ఆ రికార్డు మీ తరఫున మాట్లాడుతుంది.

రాజీవ్ యువ వికాసం కోసం ఆగాల్నా?

2025 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన ఈ పథకంలో 50 వేల యూనిట్‌కు 100 శాతం, లక్ష వరకు 90 శాతం, 2 లక్షల వరకు 80 శాతం, 4 లక్షల వరకు 70 శాతం సబ్సిడీ పెట్టారు. అప్పుడు దరఖాస్తు చేసినవాళ్లు ఆ నంబరుతో ఎంపీడీఓ ఆఫీసులో గానీ మున్సిపల్ ఆఫీసులో గానీ ఫైలు ఎక్కడుందో కనుక్కోండి. చేయనివాళ్లు దానికోసమే పని ఆపుకుని కూర్చోవద్దు.

మా ఇంటామె మహిళా సంఘంల ఉంది. అది పనికొస్తదా?

పనికొస్తుంది. సంఘానికి బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి (మహిళా సంఘాలకు అప్పిచ్చే సంస్థ) ద్వారా వచ్చే అప్పును కుటుంబ వ్యాపారానికి వాడుకోవచ్చు. గ్రామంలో సంఘాల పనులు చూసే వీఓఏను, పట్టణంలో అదే పని చేసే మెప్మా ఆర్‌పీని అడగండి. చిన్న మొత్తానికి ఇదే త్వరగా అందే దారి. మీ కిస్తీ ఆగితే సంఘం మొత్తానికి తర్వాతి లోన్ ఆగుతుందన్నది మాత్రం మరవకండి.

## కాగితాలు

ఉద్యం రిజిస్ట్రేషన్ లేకుంటే నడువదా? ఎంత ఖర్చు?

ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఆధార్, పాన్, ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఉంటే పోర్టల్‌లో మీరే చేసుకోవచ్చు. మీసేవలోనో నెట్ సెంటర్‌లోనో చేయిస్తే వాళ్ల కష్టానికి ఇచ్చేది వేరు, సర్టిఫికెట్‌కు ఫీజు మాత్రం లేదు. చిన్న వ్యాపారంగా మిమ్మల్ని గుర్తించేందుకు బ్యాంకు మొదట అడిగే కాగితం ఇదే.

తప్పు జరిగేది వ్యాపారం కోడ్ ఎంచుకునే దగ్గర. చాలామందికి "మొబైల్ అమ్మకాలు" అని పడిపోతుంది. ఇలాంటి రిపేరు పనులు 95వ విభాగంలో ఉంటాయి. కంప్యూటర్లకు 9511, ఫోన్లకు 9512, టీవీ, ఆడియో వంటి వాటికి 9521, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ వంటి ఇంటి సామానుకు 9522తో మొదలయ్యే కోడ్‌లు ఎంచుకోండి. ఒకటికంటే ఎక్కువ కోడ్‌లు పెట్టుకోవచ్చు. ఉద్యంలో అమ్మకం, ప్రాజెక్టు రిపోర్టులో (ఖర్చు, ఆదాయం లెక్కలు రాసి బ్యాంకుకు ఇచ్చే కాగితంలో) రిపేరు అని ఉంటే బ్యాంకు ఆఫీసర్ ఫైలు వాపస్ ఇస్తాడు.

ట్రేడ్ లైసెన్సు, లేబర్ లైసెన్సు రెండూ కావాల్నా?

ట్రేడ్ లైసెన్సు గ్రామంలో పంచాయతీ, పట్టణంలో మున్సిపాలిటీ ఇస్తుంది. జనం లేబర్ లైసెన్సు అనేది షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద కార్మికశాఖ చేసే రిజిస్ట్రేషన్. శిశు లోన్‌కు చాలా బ్రాంచీలు ఉద్యంతోనే సరిపెట్టుకుంటాయి. లక్షల్లో అడిగినప్పుడు రెండోదీ అడుగుతాయి. ఆధార్, ఉద్యం, లైసెన్సు, బ్యాంకు ఖాతా అన్నింట్లో పేరు, షాపు అడ్రసు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నా ఆన్‌లైన్ దరఖాస్తు ముందుకు కదలదు.

జీఎస్‌టీ లేదు. లోన్ ఇయ్యమంటరా?

తెలంగాణలో రిపేరు సేవలకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితేనే జీఎస్‌టీ తప్పనిసరి. దాటకపోతే ఆ మాట ఒక డిక్లరేషన్‌గా రాసిస్తే చాలు. లోన్ కోసమని అవసరం లేకుండా జీఎస్‌టీ తీసుకోవద్దు. నెల నెలా, మూడు నెలలకో రిటర్నులు వేయాలి. బేరం లేకున్నా నిల్ రిటర్న్ వేయకపోతే ఆలస్య రుసుము పడుతుంది.

కిరాయి షాపు. ఓనర్ అగ్రిమెంట్ ఇస్తలేడు.

కనీసం 11 నెలల కిరాయి ఒప్పందం, కరెంటు బిల్లు కాపీ బ్యాంకుకు కావాలి. ఒప్పందం రాస్తే షాపు ఖాళీ చేయరేమోనని ఓనర్లు భయపడతారు. షాపు మీద బ్యాంకుకు ఏ హక్కూ ఉండదని, బ్యాంకు హక్కు లోపలున్న మిషన్ల మీద, స్టాకు మీదేనని వాళ్లకు వివరించండి. షాపు మీ నాన్న పేరునో అన్న పేరునో ఉంటే వాళ్ల నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే లేఖ), ఇంటిపన్ను రసీదు సరిపోతాయి.

నేర్చుకున్నది షాపుల, సర్టిఫికెట్ ఏం లేదు. ఎట్ల?

ముద్రకు సర్టిఫికెట్ తప్పనిసరి కాదు, అనుభవం చూపిస్తే చాలు. మీరు పనిచేసిన షాపు లెటర్‌హెడ్ మీద ఎన్నేళ్లు, ఏ పని చేశారో రాయించుకోండి. అసలే ఆధారం లేనివాళ్లకు ఆర్‌సెటీ మంచి దారి. బ్యాంకులు నడిపే ఈ సంస్థల్లో సెల్ రిపేరు శిక్షణ 30 రోజులు, భోజనం, వసతితో పూర్తిగా ఉచితం. యాదాద్రి భువనగిరి జిల్లా జలాల్‌పూర్‌లోని స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థలోనూ వృత్తి శిక్షణలు నడుస్తాయి. ఆర్‌సెటీ శిక్షణ తీసుకున్నవాళ్ల దరఖాస్తులను సంస్థవాళ్లే బ్యాంకులకు పంపుతారు. నోటితో అడగడానికీ, అలా వెళ్లడానికీ చాలా తేడా ఉంటుంది.

ఫోన్‌పే క్యూఆర్ మా తమ్ముని పేరు మీదుంది. ఇబ్బందా?

పెద్ద ఇబ్బందే. గల్లాలోకి వచ్చిన డబ్బుకు సాక్ష్యం ఉండదు. క్యూఆర్‌కు వచ్చిన డబ్బుకు ఉంటుంది. అది తమ్ముడి ఖాతాలో పడితే బ్యాంకు దృష్టిలో ఆ బేరం తమ్ముడిది. దరఖాస్తుకు కనీసం ఆరు నెలల ముందే క్యూఆర్‌ను మీ సొంత ఖాతాకు, వీలైతే షాపు పేరున తెరిచిన కరెంట్ ఖాతాకు మార్చండి. నగదును కూడా వారానికోసారి ఆ ఖాతాలో వేయండి. సీరియల్ నంబర్లున్న జాబ్ బుక్కు పెట్టి ఫోన్ మోడల్, ఐఎంఈఐ చివరి అంకెలు, లోపం, తీసుకున్న డబ్బు రాయండి. టర్నోవర్ గురించి ఆఫీసర్ అడిగినప్పుడు నోటిమాట కంటే ఆ బుక్కుకే విలువ.

## ఎంత అడగాలి, రిపోర్టు ఎలా రాయాలి

ఎంత అడిగితే మంచిది? ఎక్కువ అడిగితే సగం ఇస్తరంట గదా?

ఆ లెక్కతో అడిగితే మొదటికే మోసం వస్తుంది. రిపోర్టులో రాసిన మిషన్లకు, ఆదాయానికి పొంతన లేకపోతే సగం కాదు, మొత్తం పోతుంది. ఒక నమూనా చూడండి. ధరలను మీ కొటేషన్ల ప్రకారం మార్చుకోండి.

ఒక సెల్ రిపేరు షాపుకు హాట్ ఎయిర్ స్టేషన్, డీసీ పవర్ సప్లై, కెమెరా ఉన్న మైక్రోస్కోప్, మల్టీమీటర్, అల్ట్రాసోనిక్ క్లీనర్, డిస్‌ప్లే సెపరేటర్ కలిపి 90 వేలు. కౌంటర్, ర్యాకులు, వైరింగ్, ఇన్వర్టర్, బ్యాటరీ 60 వేలు. స్పేర్ పార్టులు 80 వేలు. మొత్తం 2 లక్షల 30 వేలు. ఇందులో 30 వేలు సొంతం, 2 లక్షలు లోన్.

ఆదాయం వైపు చూద్దాం. రోజుకు ఆరు పనులు, పార్టు ఖర్చు పోను ఒక్కో పనికి 140 రూపాయలు, నెలకు 26 రోజులు. అంటే 21,840. కిరాయి 4,000, కరెంటు, నెట్ 1,200 పోతే 16,640. ఇంటి ఖర్చు 9,000 తీసేస్తే మిగిలేది 7,640.

11 శాతం వడ్డీకి ఐదేళ్లయితే ఈఎంఐ సుమారు 4,350. చేతిలో ఇంకా 3,290 ఉంటుంది. మూడేళ్లయితే ఈఎంఐ సుమారు 6,550. మిగిలేది వెయ్యి చిల్లర. ఒక్క నెల గిరాకీ పడిపోతే కిస్తీ తప్పుతుంది. ఐదేళ్లలో మొత్తం వడ్డీ సుమారు 61 వేలు, మూడేళ్లలో సుమారు 36 వేలు. వడ్డీ తక్కువని మూడేళ్లకు పోయి ఇరుక్కోవద్దు. ఐదేళ్లు పెట్టుకుని మంచి నెలల్లో ఎక్కువ కట్టడం మేలు.

స్పేర్ పార్టులకు ఎంత పెట్టాలె?

ముఖ్యంగా డిస్‌ప్లేల విషయంలో చెయ్యి కట్టుకోండి. కొత్త షాపులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఇరవై మోడళ్ల డిస్‌ప్లేలు కొని పెడితే ఏడాది తిరిగేసరికి సగం మోడళ్లు జనం చేతుల్లో ఉండవు. ఆ డబ్బు అరలో పడి ఉంటుంది, దాని మీద మిత్తి మాత్రం నడుస్తుంది. చార్జింగ్ జాక్‌లు, బ్యాటరీలు, స్పీకర్లు, మైక్‌లు, ఫ్లెక్స్ కేబుళ్లు లాంటి చిల్లర పార్టులు నిల్వ ఉంచుకోండి. ఖరీదైన డిస్‌ప్లేను కస్టమర్ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాకే హైదరాబాద్ నుంచి తెప్పించండి. ఏసీ, ఫ్రిజ్ వాళ్లకు మార్చి నుంచి జూన్ దాకా పని ముంచుకొస్తుంది. గ్యాసు, కెపాసిటర్లు, ఫ్యాన్ మోటార్లు ఫిబ్రవరిలోనే తెచ్చుకోవాలి కాబట్టి లోన్ దరఖాస్తు సంక్రాంతికి ముందే పెట్టడం మంచిది.

కొటేషన్ ఎట్లుండాలె? కోఠిల తక్కువకు వస్తయి గని బిల్లు ఇయ్యరు.

డీలర్ పేరు, అడ్రసు, జీఎస్‌టీ నంబరు, తేదీ, మిషన్ మోడల్, ధర, పన్ను, బ్యాంకు ఖాతా వివరాలు, సంతకం, ముద్ర ఉండాలి. గుజరాతీ గల్లీలో, జగదీశ్ మార్కెట్‌లో బిల్లు ఇచ్చే డీలర్లూ ఉన్నారు, చిట్టీ రాసిచ్చేవాళ్లూ ఉన్నారు. బ్యాంకు లోన్‌తో కొనే మిషన్‌కు పక్కా బిల్లు కావాల్సిందే. చిట్టీ మీద కొంటే కొంత డబ్బు మిగిలినట్టు అనిపిస్తుంది, కానీ బ్యాంకు డబ్బు విడుదల చేయదు. చేతి పనిముట్లు, స్క్రూడ్రైవర్ సెట్లు, ట్వీజర్లు సొంత వాటా డబ్బుతో కొనుక్కోండి.

సెకండ్ హ్యాండ్ మిషన్లకు లోన్ వస్తదా?

మామూలుగా రాదు. విలువ కట్టడం కష్టం, బిల్లు ఉండదు.

టర్మ్ లోన్ మంచిదా, సీసీ మంచిదా?

మిషన్లకు టర్మ్ లోన్, స్పేర్ పార్టులకు సీసీ (లిమిట్ లోపల కావాల్సినప్పుడు తీసి, కట్టుకునే క్యాష్ క్రెడిట్ ఖాతా). టర్మ్ లోన్‌కు నెల నెలా ఈఎంఐ ఉంటుంది. సీసీలో వాడుకున్నంతకే, వాడుకున్న రోజులకే వడ్డీ. అయితే సీసీ లిమిట్ అంతా తీసేసి అలాగే వదిలేస్తే బ్యాంకు దాన్ని పాడైన ఖాతాగా చూస్తుంది. అమ్మకం డబ్బు అందులో పడుతూ, తీస్తూ ఉండాలి. ఏటా రెన్యువల్ చేయించుకోవాలి.

## బ్యాంకులో

ఏ బ్యాంకుకు పోవాలె?

మీ ఖాతా ఉన్న బ్రాంచికి, అది కూడా షాపు ఉన్న ప్రాంతానిదై ఉంటే ఇంకా మంచిది. ఒక్కో ఊరు ఒక్కో బ్రాంచి కింద ఉంటుంది కాబట్టి దూరపు బ్రాంచి "మా పరిధి కాదు" అంటుంది. ప్రభుత్వ లోన్ దరఖాస్తుల వెబ్‌సైటు అయిన జన్‌సమర్థ్ పోర్టల్‌లో పెట్టినా చివరికి షాపు చూడటానికి వచ్చేది బ్రాంచి ఆఫీసరే. పీఎంఈజీపీకి మాత్రం ముందు కేవీఐసీ (ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్) పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. సాయానికి జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లండి. ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు)లో ఖాతా ఉన్నవాళ్లది 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకు. దరఖాస్తులో పాత పాసుబుక్కు మీది ఐఎఫ్‌ఎస్‌సీ రాయకుండా ఇప్పటిది బ్రాంచిలో అడిగి రాయండి.

సిబిల్ ఎంతుండాలె? నాకు అసలు లోనే లేదు.

ముద్ర నిబంధనల్లో ఇంత స్కోరు అని లేదు, బ్యాంకులు తమ లెక్కలో చూస్తాయి. ఎప్పుడూ అప్పు తీసుకోనివాళ్లకు స్కోరు బదులు మైనస్ 1 కనిపిస్తుంది. అది చెడ్డ స్కోరు కాదు. చెడ్డది ఏమిటంటే ఫోన్ ఈఎంఐలో ఆఖరి వాయిదా, బౌన్స్ చార్జీలు కట్టకుండా వదిలేయడం. 400 రూపాయల బాకీ కూడా ఏళ్ల తరబడి "ఓవర్‌డ్యూ"గా ఉండి లక్షల లోన్‌ను ఆపుతుంది. ఒక్కో క్రెడిట్ బ్యూరో ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. దరఖాస్తుకు రెండు నెలల ముందే తీసి చూసుకోండి.

మా నాయిన క్రాప్ లోన్ బాకీ ఉంది. నాకు ఇయ్యరా?

మీరు ఆ లోన్‌లో సహ దరఖాస్తుదారు గానీ జామీనుదారు గానీ కాకపోతే అది మీ రిపోర్టులో ఉండదు. ఒకే బ్రాంచి అయితే మేనేజర్ ఆ బాకీ ప్రస్తావన తెస్తాడు. అప్పుడు మీ షాపు ఆదాయం వేరని స్టేట్‌మెంట్ చూపించండి. 2024 రుణమాఫీలో తీరిన లోన్ మీ సొంత పేరున ఉంటే ఆ ఖాతా ఇప్పుడు ఏ స్థితిలో కనిపిస్తోందో బ్రాంచిలో అడిగి తెలుసుకోండి.

పొలం పాసుబుక్కు పెట్టుమంటున్నరు. పెట్టాల్నా?

అవసరం లేదు. ముద్ర లోన్‌కు ఆస్తి తాకట్టు ఉండకూడదు. చిన్న వ్యాపారాలకు ఒక పరిమితి దాకా తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన కూడా ఉంది. లోన్‌తో కొన్న మిషన్లు, స్టాకు బ్యాంకుకు హైపోథికేషన్‌లో (మీ దగ్గరే ఉన్నా బ్యాంకుకు హక్కు ఉండేలా) ఉండటం మాత్రం మామూలే, దానికి సంతకం పెట్టాల్సిందే.

ఎన్ని రోజుల్ల చెప్పాలె? మేనేజర్ రేపు మాపు అంటున్నడు.

కాగితాలన్నీ ఇచ్చాక 25 లక్షల లోపు చిన్న వ్యాపార లోన్లపై 14 పని దినాల్లో నిర్ణయం చెప్పాలి. ఆ లెక్క మొదలవ్వాలంటే మీ దగ్గర రసీదు ఉండాలి. దరఖాస్తు కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. కాదంటే కారణం రాసి ఇవ్వమనండి. ఎస్సీ, ఎస్టీ దరఖాస్తులను బ్రాంచి స్థాయిలోనే తిరస్కరించడానికి వీల్లేదు, పై స్థాయి అధికారి నిర్ణయించాలి.

జవాబు రాకపోతే జిల్లా లీడ్ బ్యాంకు మేనేజర్‌ను కలవండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులైనా తేలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు, ఖర్చు లేదు. సమాచారానికి 14448. లోన్ ఇవ్వాలో వద్దో అంబుడ్స్‌మన్ చెప్పడు. నిబంధన పాటించారా లేదా అనేదే చూస్తాడు.

10 శాతం ఇస్తే ఏజెంట్ పని చేయిస్తనంటుండు.

ఇవ్వకండి. ముద్రకు, పీఎంఈజీపీకి ఏజెంట్లు లేరు. ప్రాజెక్టు రిపోర్టు రాసినందుకు ఆడిటర్‌కు ఇచ్చేది వేరు. వాట్సాప్‌లో "ముద్ర శాంక్షన్ లెటర్" పంపి ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్ కట్టమంటే అది మోసం. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చెబితే డబ్బు ఆపగలిగే అవకాశం ఎక్కువ.

## డబ్బు వచ్చాక

పైసలు నా చేతికి ఇస్తరా?

మిషన్ల డబ్బు నేరుగా డీలర్ ఖాతాకు పోతుంది. స్పేర్ పార్టుల డబ్బు మీ ఖాతాలో పడుతుంది. మిషన్లు వచ్చాక అసలు బిల్లులు బ్రాంచిలో ఇవ్వండి, ఆఫీసర్ వచ్చి చూస్తాడు. డీలర్‌తో మాట్లాడుకుని డబ్బు వెనక్కి తీసుకుని పెళ్లికో ప్లాటుకో వాడితే, తెలిసిన రోజున బ్యాంకు మొత్తం ఒకేసారి కట్టమనవచ్చు.

ఇన్సూరెన్స్ అని కట్ చేసిన్రు. తప్పనిసరా?

షాపులోని మిషన్లు, స్టాకుకు బీమా లోన్ షరతుల్లో ఉంటుంది. ఉబ్బిన లిథియం బ్యాటరీలు పెట్టుకునే షాపుకు అగ్ని బీమా నిజంగా అవసరం. పాలసీలో షాపు అడ్రసు సరిగ్గా ఉందో చూడండి, షాపు మారితే రాసివ్వండి. జీవిత బీమా పాలసీ మాత్రం మీ ఇష్టం, దాన్ని లోన్‌కు ముడిపెట్టకూడదు.

పీఎంఈజీపీ షాపు మధ్యల బంద్ పెడితే?

సబ్సిడీ వెనక్కి పోయే ప్రమాదం ఉంది. మూడేళ్లలో ఎవరైనా వచ్చి యూనిట్ చూస్తారు. షాపు నడుస్తూ, పథకం పేరుతో బోర్డు ఉండి, మిషన్లు కనిపించాలి. అడ్రసు మార్చాల్సి వస్తే ముందే బ్యాంకుకు, దరఖాస్తు పంపిన ఏజెన్సీకి రాసివ్వండి. చెప్పకుండా మార్చితే తనిఖీకి వచ్చినవాళ్లు "యూనిట్ లేదు" అని రాసుకుని పోతారు.

రెండు కిస్తీలు ఆగినయి. ఏమైతది?

90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ అవుతుంది. ఆలోపే బ్రాంచికి వెళ్లండి. చెయ్యి విరిగిందనో, షాపు ముందు రోడ్డు తవ్వి గిరాకీ పోయిందనో కారణముంటే ఆధారంతో రాసిచ్చి గడువు పెంచమనండి. ఇది మొండిబాకీ కాకముందు అడిగితే సులువు, తర్వాత చాలా కష్టం. ఒక్క కిస్తీ కట్టినా రోజుల లెక్క వెనక్కి జరుగుతుంది కాబట్టి ఉన్నంత కట్టండి.

ముందే కట్టేస్తే ఫైన్ ఉంటదా?

మారే వడ్డీ రేటు మీద 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేదా రెన్యువల్ అయిన చిన్న వ్యాపార లోన్లకు ముందస్తు చెల్లింపు చార్జీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అంతకుముందటి లోన్లకు మీ శాంక్షన్ లెటర్‌లో ఏముందో చూడండి.

మొత్తం కట్టిన. ఇంకేం చెయ్యాలె?

నో డ్యూస్ సర్టిఫికెట్, సంతకాలు పెట్టిచ్చిన చెక్కులు వెనక్కి తీసుకోండి. ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా ఈఎంఐ తీసుకునే ఆదేశం రద్దు చేయించండి. నెలన్నర తర్వాత సిబిల్ రిపోర్టు తీసి ఆ లోన్ ముందు "క్లోజ్డ్" అని పడిందో లేదో చూడండి. పడకపోతే బ్యూరోకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకు 100 రూపాయలు మీకు పరిహారం ఇవ్వాలి.